ఇళ్లు రెండైనా మాట తెగకూడదు



అడ్మిషన్ ఫారంలో తల్లి పేరుకు ఒక గడి, తండ్రి పేరుకు ఒక గడి ఉంటాయి. చిరునామాకు మాత్రం సాధారణంగా ఒకటే గడి. కానీ అమ్మ ఒక చిరునామాలో, నాన్న మరో చిరునామాలో ఉండే పిల్లలు ఇవాళ మన తరగతుల్లో ఉన్నారు. కొందరి ఇళ్లలో దీనికి కారణం దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగం. మరికొందరి ఇళ్లలో భార్యాభర్తలు విడిగా ఉండాలని నిర్ణయించుకున్నారు. ఈ నెల పాఠం ముఖ్యంగా ఈ రెండో రకం కుటుంబాల కోసం. ఉద్యోగరీత్యా దూరంగా ఉన్నవారికీ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

భార్యాభర్తల బంధం ముగియవచ్చు. తల్లిగా, తండ్రిగా మీ బంధం ముగియదు. అయితే ఒకే కప్పు కింద ఉన్నప్పుడు ఆ బంధం దానంతట అదే సాగుతుంది. షూ లేస్ కట్టేటప్పుడు, టిఫిన్ దగ్గర, నిద్రపోయే ముందు మాటలు వాటంతట అవే వస్తాయి. వేర్వేరు ఇళ్లలో ఉన్నప్పుడు అలా కాదు. ఆ మాటలకు వేళ కేటాయించాలి, శ్రద్ధ పెట్టాలి, కొంత నేర్చుకోవాలి కూడా.

ముందుగా నిజం చెప్పండి

"నాన్న క్యాంపుకు వెళ్లారు", "అమ్మమ్మకు బాగోలేదని అమ్మ ఊళ్లో ఉంది". చాలా ఇళ్లలో మొదటి కొన్ని నెలలు ఇలాంటి మాటలతో గడుస్తాయి. పిల్లల్ని బాధపెట్టకూడదన్నదే పెద్దల ఉద్దేశం. కానీ ఏదో ఒక రోజు పెళ్లిలోనో, వ్యాన్‌లోనో మరొకరి నోట ఆ సంగతి బయటపడుతుంది. అప్పుడు బిడ్డకు బాధ రెండింతలవుతుంది. విషయం తెలిసిన బాధ ఒకటైతే, ఇంట్లోవాళ్లు తనకు చెప్పలేదన్న బాధ ఇంకొకటి.

చిన్నపిల్లలు కారణం తెలియకపోతే దాన్ని తమలోనే వెతుక్కుంటారు. "నేను అల్లరి చేసినందుకే నాన్న వెళ్లిపోయారా?" అన్న అనుమానం ఐదారేళ్ల పిల్లల్లో సహజం. పైకి అడగరు, లోపలే పెట్టుకుంటారు. అందుకే వీలైతే ఇద్దరూ కలిసి కూర్చుని, కాకపోతే ఇద్దరూ ఒకే మాటగా, ఇలా చెప్పండి:

"నేనూ నాన్నా ఇకమీదట వేర్వేరు ఇళ్లలో ఉంటాం. ఇది పెద్దవాళ్ల మధ్య విషయం. నీవల్ల ఇలా కాలేదు. నువ్వు ఇక్కడే ఉంటావు, ఇదే స్కూలుకు వెళ్తావు. నాన్న రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తారు, ఆదివారం వచ్చి తీసుకెళ్తారు. నీకు ఏం అడగాలనిపించినా ఎప్పుడైనా అడగొచ్చు."

ఇందులో ఎవరి తప్పు అన్నది లేదు. బిడ్డకు కావాల్సిన మూడు విషయాలు ఉన్నాయి. తన తప్పు లేదు, తన రోజు ఎలా గడుస్తుందో తెలుసు, రెండోవారితో మాట ఆగిపోదు. ఈ మాటలు ఒక్కసారి చెబితే సరిపోదు. పుట్టినరోజులకు, పండగలకు, పరీక్షల ముందు అవే ప్రశ్నలు మళ్లీ వస్తాయి. మళ్లీ అంతే ఓపికగా చెప్పాలి.

రోజుకు ఐదు నుంచి పది నిమిషాలు

2020 జనవరిలో ఇచ్చిన ఒక తీర్పులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది. కస్టడీ దక్కని తల్లి లేదా తండ్రికి అప్పుడప్పుడూ వచ్చి చూసే హక్కు ఉంటే సరిపోదని, బిడ్డతో మాట్లాడే హక్కు కూడా ముఖ్యమని తెలిపింది. ప్రత్యేక కారణాలుంటే తప్ప రోజూ 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడే వీలుండాలని, అందుకు వీడియో కాల్ మంచి పద్ధతని పేర్కొంది. 1992లో భారతదేశం అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలోని 9వ అధికరణం కూడా ఇదే చెబుతుంది. తల్లి లేదా తండ్రి నుంచి విడిగా ఉన్న బిడ్డకు, తన మేలుకు భంగం కానంతవరకు, ఇద్దరితోనూ క్రమం తప్పకుండా సంబంధం కొనసాగించే హక్కు ఉంది.

ఆ ఒప్పందం దీన్ని బిడ్డ హక్కుగానే చెప్పిందని గమనించండి. ఫోన్ కలపడం మాజీ భర్తకో మాజీ భార్యకో చేసే మేలు కాదు. బిడ్డకు చెందినది బిడ్డకు ఇవ్వడం.

పది నిమిషాలు తక్కువే అనిపిస్తుంది. కానీ వారానికి ఒకసారి గంటసేపు మాట్లాడేకన్నా రోజూ పది నిమిషాలే మేలు. ఆదివారం నాటికి సోమవారం సంగతులు పిల్లలకు గుర్తుండవు. గుర్తున్నా చెప్పాలన్న ఉత్సాహం చల్లారిపోతుంది. వేళను ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. హోంవర్క్ మధ్యలోనో నిద్రమత్తులోనో కాకుండా చూడండి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక ఉంటుంది కాబట్టి మనకు రాత్రి ఎనిమిదైతే అక్కడ ఆరున్నర. డల్లాస్‌లో ఉన్నవారికి మన ఉదయం ఏడు గంటలంటే చలికాలంలో ముందురోజు రాత్రి ఏడున్నర, వేసవిలో ఎనిమిదిన్నర. స్కూలు హడావిడి మొదలవకముందే ఐదు నిమిషాలు దొరుకుతాయి.

ఒక్క విషయం మరవకండి. ఎనిమిదింటికి చేస్తానంటే ఎనిమిదింటికే చేయండి. కుదరకపోతే ఆ వేళకు ముందే ఒక వాయిస్ మెసేజ్ పంపండి. ఫోన్ దగ్గర పెట్టుకుని ఎదురుచూసి, చివరికి అలాగే నిద్రపోయిన రాత్రిని పిల్లలు త్వరగా మరచిపోరు. "ఆదివారం తప్పకుండా వస్తా" అన్న మాట రెండుసార్లు తప్పితే మూడోసారి నమ్మరు. రాగలిగితేనే వస్తానని చెప్పండి.

ఫోన్‌లో ఏం మాట్లాడాలి?

చాలా ఇళ్లలో ఫోన్ ఇలా సాగుతుంది:

"తిన్నావా?" "ఆఁ."
"హోంవర్క్ అయిందా?" "ఆఁ."
"యూనిట్ టెస్ట్‌లో మార్కులెన్ని?" "ఇంకా ఇవ్వలేదు."
"సరే, బాగా చదువుకో. అమ్మ మాట విను."

నిమిషం కూడా పట్టదు. అడిగినవారికి ప్రేమ లేక కాదు, అడగడానికి మరొకటి తెలియక. ఇలా నెలరోజులు గడిస్తే పిల్లలకు ఫోన్ అంటే హాజరు వేయించుకోవడమే అవుతుంది. దాన్ని మార్చుకునే పద్ధతులు కొన్ని చూద్దాం.

చిన్న సంగతులు అడగండి. "స్కూలు ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే జవాబు వస్తుంది. "ఇవాళ లంచ్‌బాక్స్ ఎవరితో పంచుకున్నావు?", "పీటీ పీరియడ్‌లో ఏం ఆడించారు?", "వ్యాన్‌లో కిటికీ పక్క సీటు నీకే దొరికిందా?" అంటే కథ బయటికొస్తుంది.

నిన్నటి మాట ఇవాళ గుర్తుపెట్టుకోండి. "నిన్న నీతో కటీఫ్ అన్న అమ్మాయి ఇవాళ మాట్లాడిందా?" ఈ ఒక్క ప్రశ్న బిడ్డకు ఎంతో చెబుతుంది. నేను దగ్గర లేకపోయినా నీ రోజు నా మనసులో ఉంది అని అర్థం. అవసరమైతే స్నేహితుల పేర్లు, టీచర్ల పేర్లు, పోటీల తేదీలు మీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి.

మీ రోజు కూడా చెప్పండి. పిల్లల్ని అడగడమే కాదు, మీరూ పంచుకోవాలి. "ఇవాళ సాంబార్ చేశాను, ఉప్పు రెండుసార్లు వేసేశాను" అంటే నవ్వు వస్తుంది, మీ ఇల్లు కళ్లముందు కనిపిస్తుంది. మీ ఒంటరితనాన్ని, అప్పుల్ని, కోర్టు తేదీల్ని మాత్రం పిల్లల ముందు పెట్టకండి. వాటిని మోసే వయసు కాదది.

కలిసి ఏదైనా చేయండి. మాటలు రానిరోజు పని మాట్లాడుతుంది. రోజుకో పొడుపు కథ విప్పండి, ఒక కథల పుస్తకంలో రోజుకు రెండు పేజీలు చదవండి. అంత్యాక్షరి పాడుకోండి. ఇద్దరి దగ్గరా ఒకే పుస్తకం ఉంటే "మనం ఎక్కడ ఆపాం?" అన్న మాటతోనే మరుసటి రాత్రి ఫోన్ మొదలవుతుంది.

మార్కుల మాట మొదట వద్దు, చివరా వద్దు. చదువు గురించి అడగడం మీ బాధ్యతే. కానీ ఫోన్ మార్కులతో మొదలైతే బిడ్డ ముడుచుకుంటుంది. మార్కులతో ముగిస్తే రాత్రంతా అదే మిగులుతుంది. మధ్యలో అడగండి. మార్కులు తగ్గితే "ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయావు?" అని అడగండి.

వయసును బట్టి

మూడు నాలుగేళ్ల పిల్లలు ఫోన్‌లో నిలకడగా మాట్లాడలేరు. వారికి వీడియో కాల్ నయం. 2014లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో రెండేళ్లు దాటిన చిన్నారులు, తమకు బదులిస్తూ మాట్లాడే మనిషి నుంచి వీడియో కాల్‌లో కూడా కొత్త మాటలు నేర్చుకున్నారు. రికార్డు చేసిన వీడియో నుంచి అలా నేర్చుకోలేకపోయారు. అంటే తెర మీద ముఖం కనబడితే చాలదు, బిడ్డ చేసేదానికి ఆ ముఖం బదులివ్వాలి. బొమ్మకు అన్నం తినిపిస్తుంటే "నాకో ముద్ద?" అని నోరు తెరవండి. రెండు నిమిషాలకే పరుగెత్తిపోతే నొచ్చుకోకండి. ఆ వయసుకు అదే పూర్తి సంభాషణ.

ప్రైమరీ పిల్లలకు చూపించడం ఇష్టం. డ్రాయింగ్, ఊడిన పన్ను, కొత్త కంపాస్ బాక్స్ చూపించనివ్వండి, తొందరపెట్టకండి.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చేసరికి మాట తగ్గుతుంది. ఇద్దరూ కలిసి ఉన్న ఇళ్లలోనూ తగ్గుతుంది. దాన్ని రెండోవారు నూరిపోసిన ద్వేషంగా వెంటనే అర్థం చేసుకోకండి. ఆ వయసులో పది నిమిషాల కాల్ కన్నా పగలు పంపిన ఒక జోక్, క్రికెట్ స్కోరు మీద ఒక వ్యాఖ్య ఎక్కువ దూరం వెళ్తాయి. కలిసినప్పుడు ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు. బండి మీద వెళ్తున్నప్పుడు, టీ పెడుతున్నప్పుడు వాళ్లే చెబుతారు.

బిడ్డ దగ్గరున్నవారి పని

ఫోన్ చేసేవారు ఎంత ప్రేమగా మాట్లాడినా, ఇంట్లో ఉన్నవారి ముఖం మాడిపోతే బిడ్డ గొంతు తగ్గిపోతుంది. పిల్లలు మన మాటకన్నా ముందు మన ముఖాన్ని చదువుతారు. నాన్నతో నవ్వుతూ మాట్లాడితే అమ్మకు కోపం వస్తుందని ఒకసారి అనిపించిందా, అమ్మ ముందు ముక్తసరిగా మాట్లాడటం నేర్చుకుంటారు. నాన్న దగ్గరున్నప్పుడు అమ్మ ఊసెత్తరు. అటూ ఇటూ సగం సగం దాచుకుంటూ బతకడం అలవాటవుతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. పైకి "మా వాడికి ఏ బాధా లేదండీ, అసలు అడగనే అడగడు" అని మనం అనుకుంటాం. అడగకపోవడమే ఆ బాధ.

కాబట్టి దగ్గరున్నవారికి నాలుగు మాటలు:

ఫోన్ వేళకు మీరే గుర్తుచేయండి. "డ్రాయింగ్‌లో స్టార్ వచ్చిందని నాన్నకు చెప్పావా?" అన్న ఒక్క మాట బిడ్డకు అనుమతి పత్రం లాంటిది.

స్పీకర్ పెట్టించకండి, పక్కన నిలబడి వినకండి. మరీ చిన్నపిల్లలైతే ఫోన్ పట్టుకోవడానికి సాయం చేయండి, మాట మాత్రం వాళ్లనే మాట్లాడనివ్వండి.

ఫోన్ పెట్టాక "ఏమన్నారు? నా గురించి అడిగారా? అక్కడ ఎవరెవరున్నారు?" అని ఆరా తీయకండి. బిడ్డ చెబితే వినండి.

కోపంతో ఫోన్ ఆపకండి. "మార్కులు తగ్గాయి, ఈ వారం నాన్నతో మాట్లాడేది లేదు" అనడం ఏ ఇంట్లోనూ పనికిరాని శిక్ష.

పిల్లలతో కబురు పంపకండి

కొత్త టర్మ్ మొదలయ్యే నెలల్లో కొందరు పిల్లలు మోసే మాట ఒకటుంది. "ఫీజు కట్టమని మీ నాన్నకు చెప్పు." పెద్దలు నేరుగా మాట్లాడుకోలేక ఆ పని పదేళ్ల పిల్లవాడికి అప్పగిస్తారు. వాడు ఆరోజు ఫోన్‌లో తన గోల్ గురించి చెప్పాలనుకుని ఉంటాడు. ఫీజు మాటెత్తగానే అవతల గొంతు మారుతుంది. గోల్ సంగతి మిగిలిపోతుంది. తన చదువే ఇద్దరికీ భారమని మనసులో పడుతుంది. ఫీజు, సెలవులు, మందులు, బట్టలు ఇవన్నీ పెద్దల మధ్యే మెసేజ్ ద్వారానో మెయిల్ ద్వారానో సాగాలి. అదీ కుదరకపోతే ఇద్దరికీ నమ్మకమున్న ఒక పెద్దమనిషి ద్వారా మాట్లాడుకోండి.

మనకు తెలియకుండానే నోట వచ్చే మరికొన్ని మాటలు, వాటి బదులు అనదగినవి:

"అచ్చం మీ నాన్న పోలికే, ఏదీ చెబితే వినవు" అనకండి. "చెప్పింది వినకపోతే నాకు కష్టంగా ఉంది" అనండి. తనలో సగం నాన్న అని బిడ్డకు తెలుసు. పోలికను తిట్టుగా వాడితే ఆ సగం చెడ్డదని నమ్ముతుంది. అదే పోలికను మంచికి వాడి చూడండి. "లెక్కల్లో నీకు మీ నాన్న చురుకుదనం వచ్చింది" అంటే మీకు పోయేదేమీ లేదు.

"నీకు అమ్మ కావాలా, నాన్న కావాలా?" అనకండి. సరదాకు కూడా వద్దు. ఇది ఇంటికొచ్చిన బంధువులకూ చెప్పండి.

"నేనుండగా నీకేం తక్కువ?" అనకండి. "నాన్న గుర్తొస్తున్నారా? ఫోన్ చేద్దామా?" అనండి. బెంగపడటం మీ ప్రేమలో లోటు కాదు.

"మీ అమ్మ ఇంట్లో ఇవన్నీ కొంటుందా?" అనకండి. "ఈ షర్టు బాగుంది" అనండి. అంతే చాలు.

అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యలు, మేనమామలు, పిన్నులు పిల్లలకు పెద్ద అండ. వంటింట్లో వాళ్ల మాటలు హాల్లో ఉన్న పిల్లల చెవిన పడతాయి. "పిల్లల ముందు వాళ్ల నాన్న గురించి ఆ మాట వద్దమ్మా" అని మీ వాళ్లకు మీరే చెప్పాలి. అది అల్లుడి కోసం కాదు, మనవడి కోసం.

మన కథలు చెప్పండి

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ పిల్లల కోసం 20 ప్రశ్నలు తయారుచేశారు. మీ తల్లిదండ్రులు ఎక్కడ పెరిగారో తెలుసా, ఎలా కలుసుకున్నారో తెలుసా, నీ పుట్టుక గురించి తెలుసా, ఇలాంటివి. కుటుంబ సంగతులు ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ అదుపులో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి. జవాబులు బట్టీ పట్టిస్తే ఆ ఫలితం రాదు. ఆ కథలు చెప్పుకుంటూ గడిపిన సమయమే అసలు విషయం.

విడిపోయిన ఇళ్లలో మొదట ఆగిపోయేవి ఈ కథలే. పెళ్లి ఆల్బమ్ అటక ఎక్కుతుంది. నాన్న తరఫు ఊరి పేరు ఇంట్లో వినబడదు. బిడ్డ దృష్టిలో అది తన కథలో సగం చిరిగిపోవడమే. "నువ్వు పుట్టినరోజు హాస్పిటల్‌కు మీ నాన్న వర్షంలో తడుస్తూ వచ్చారు" అని అమ్మ చెప్పగలగాలి. "నీకు ఆ పేరు పెట్టింది అమ్మే" అని నాన్న చెప్పగలగాలి. జరిగిన మంచిని జరిగినట్టు చెప్పడానికి మళ్లీ కలిసిపోనక్కర్లేదు.

ఫోన్ తర్వాత ఏడిస్తే, మాట్లాడనంటే

ఫోన్ పెట్టాక బిడ్డ ఏడిస్తే "ఫోన్ వల్లే కదా ఈ ఏడుపు" అని మానిపించాలనిపిస్తుంది. చాలాసార్లు ఆ ఏడుపు ఫోన్ వల్ల వచ్చింది కాదు, ముందునుంచి ఉన్నదే. దగ్గరకు తీసుకుని "బెంగగా ఉంది కదూ" అనండి. దానికి పరిష్కారం చెప్పాల్సిన పని లేదు.

మాట్లాడనంటే బలవంతంగా ఫోన్ చేతిలో పెట్టకండి, అలాగని వదిలేయకండి. "ఇవాళ ఇష్టం లేదా? సరే. ఒక వాయిస్ మెసేజ్ పెడదామా, రేపు మాట్లాడదామా?" అని అడగండి. అవతలివారు కూడా దాన్ని పరాభవంగా తీసుకోక, మరుసటి రోజు అదే వేళకు మళ్లీ చేయాలి.

ఒక మినహాయింపు. ఇంట్లో కొట్టడం, తాగి వచ్చి భయపెట్టడం, బిడ్డతో తప్పుగా ప్రవర్తించడం లాంటివి ఉంటే ఈ సూచనలు వర్తించవు. అక్కడ ముందు చూడాల్సింది భద్రత. బిడ్డ భయపడుతూ "వద్దు" అంటే ఎందుకో తెలుసుకోండి, న్యాయవాది సలహా తీసుకోండి. పిల్లల సహాయానికి 1098, మహిళల సహాయానికి 181, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416 నంబర్లు ఉన్నాయి.

స్కూలుకు ఏం చెప్పాలి?

కారణాలు చెప్పనక్కర్లేదు. బిడ్డ ఎవరి దగ్గర ఉంటోంది, సాయంత్రం తీసుకెళ్లడానికి ఎవరు వస్తారు, కోర్టు ఉత్తర్వు ఏదైనా ఉందా అన్నవి క్లాస్ టీచర్‌కు తెలిస్తే చాలు. పిల్లవాడు హఠాత్తుగా హోంవర్క్ మానేసినా, గొడవపడుతున్నా, అతిగా బుద్ధిమంతుడైపోయినా టీచర్ దాన్ని అర్థం చేసుకోగలుగుతారు. ప్రోగ్రెస్ రిపోర్టు, సర్క్యులర్లు దూరంగా ఉన్నవారికి కూడా అందేలా ఏం చేయవచ్చో అడగండి. సైన్స్ ఫెయిర్ తేదీ ముందే తెలిసిన నాన్న, ఆ రాత్రి ఫోన్‌లో "నీ అగ్నిపర్వతం పొంగిందా?" అని అడగగలరు.

ఇవాళ ఒక పని చేయండి. దూరంగా ఉన్నవారు బిడ్డ ప్రాణస్నేహితుడి పేరు కనుక్కోండి. దగ్గరున్నవారు ఫోన్ వేళకు టీవీ ఆపి, ఫోన్ బిడ్డ చేతికిచ్చి, పక్క గదిలోకి వెళ్లండి. తలుపు మాత్రం మీరు చిరునవ్వుతో వేయాలి. ఆ చిరునవ్వు చూశాకే బిడ్డ నోరు విప్పుతుంది.